పెద్దదానికి సన్నపాటి పుస్తకం

అక్కా, ఇక్కడ అందరం కులాసా. మీ పెద్దదానికి తొమ్మిదేళ్లు వచ్చినా ఇంకా కూడబలుక్కుని చదువుతోందని బెంగపడకు. ఈ నెల అచ్చయి మా పుస్తకాల కొట్టుకి వచ్చినవాటిలో దానికోసం తప్పిపోయిన కుక్క కథ ఒకటి తీశాను. పేజీకి నాలుగే వాక్యాలు, కానీ కథ పసిపిల్లలది కాదు. పుస్తకమంటేనే మొహం తిప్పుకునే పిల్ల ఒకతె, దాని ఈడుదే, నిన్న కొట్టు మెట్ల మీద కూర్చుని ఆ పుస్తకం పట్టుకుంది. వాళ్లమ్మ లేవమంటే, "ఉండమ్మా, కుక్క ఇంకా దొరకలేదు" అని చివరిదాకా చదివేసింది. చిన్నవాడు గడగడా చదువుతాడు కనుక వాడికి లావుపాటిది పంపుతున్నాను. వాళ్లక్క చదువుతుంటే వాణ్ణి పక్కన కూర్చోనీయకు, మాటలు అందిస్తాడు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పెద్దదాన్ని చదవమని మాత్రం అడగకు. అదే వచ్చి నీకు చదివి వినిపిస్తుంది.

నీ తమ్ముడు