పిస్తోలు కొక్కెం

నాన్నకి,

మీ కోపం ఇంకా తగ్గి ఉండదని తెలుసు. నాదీ తగ్గలేదు, కాబట్టి లెక్క సరి.

ఓడ ఇంజను గదిలో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు మీరేమన్నారు? "మనది గుర్రపు దళం వంశం. మనింట్లో సముద్రం ముఖం చూసినవాడు లేడు. నేల విడిచి సాము చెయ్యకు" అన్నారు. గోడమీది తాతముత్తాతల పిస్తోలు దించి నా చేతిలో పెట్టి, "మ్యూజియంలో చూపించుకురా, మన రక్తం ఏమిటో వాళ్ళే చెబుతారు" అన్నారు. కంచం ముందు నుంచి ఏడుస్తూ లేచాను. అది మాత్రం మర్చిపోను.

చూపించాను. పాత ఆయుధాల గదిలో పనిచేసే ఆవిడ దాన్ని పసిపిల్లలా ఒళ్ళోకి తీసుకుంది. చెకుముకి రాయి బిగించే చోటు, నిప్పురవ్వ పడే మందు గిన్నె అన్నీ చూసి, ఇది సైన్యానిదే అంది. మీ మాటే నెగ్గిందనుకున్నాను. తర్వాత ఎడమ పక్కకి తిప్పి, పురుగు తొలిచిందని మీరు మైనం పూసిన చిల్లుని సూదితో శుభ్రం చేసింది. "ఇది పురుగు పని కాదమ్మా, మర బిగించే చిల్లు. ఇక్కడ పొడుగాటి కొక్కెం ఉండాలి, నడుం పట్టీకి తగిలించుకోడానికి. గుర్రం మీదివాడికి జీనుకే తోలు సంచి ఉంటుంది, కొక్కెం దేనికి? ఓడ మీదివాడికి రెండు చేతులూ తాళ్ళకే చాలవు" అంది. గొట్టం విప్పితే అడుగున లంగరు ముద్ర! మీరు ఆదివారం ఆదివారం తోమే ఆ ఇత్తడి పిడి కూడా, గుండు పేల్చేశాక తిరగేసి బాదడానికట.

ఎవరి రక్తం నాన్నా నాది? నేను అనుమతి అడగడం లేదు, చెబుతున్నాను. వచ్చే నెల ఓడ ఎక్కుతున్నాను. పిస్తోలు మామయ్య చేత పంపిస్తున్నాను, మైనం మళ్ళీ పూయకండి.

మీ మొండిఘటం


మొండిఘటానికి,

ఉత్తరం చదివి మండిపడ్డాను. "కొక్కెం ఏదీ? ఉంటే చూపించమను!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. మీ నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళి, మసిగుడ్డ తగిలించే ఇనప కొక్కెం గోడ నుంచి ఊడబీకి తెచ్చి నా ముందు పడేసింది. "కొత్త కోడలిగా వచ్చినప్పుడు మసిగుడ్డకి చోటు లేదంటే, మా మామగారే పిస్తోలుకున్నది ఊడదీసి ఇచ్చారురా. మన పెద్దాయనెవరో ఓడల్లో తిరిగినవాడని ఆయనే చెప్పారు" అంది.

మరి గుర్రం?

"గుర్రం నీదే. చిన్నప్పుడు చీపురెక్కి, మా తాతల గుర్రం, మా తాతల గుర్రం అని ఇల్లంతా గెంతేవాడివి. ముచ్చటపడి ఎవరం కాదనలేదు. నువ్వే నమ్మేశావు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఇన్నేళ్ళూ డ్రిల్లు మాస్టారుగా బడిపిల్లలందరికీ ఆ గుర్రం కథే చెప్పానే! సిగ్గేసింది తల్లీ. నిన్ను కంచం ముందు ఏడిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

అలాగని గెలిచానని ఎగరకు. నువ్వు అనుమతి అడగలేదు, నేను ఇవ్వడమూ లేదు. కొక్కెం పెట్టి మర తిప్పాను, అతికినట్టు కూర్చుంది. మసిగుడ్డకి ఇంకో మేకు కొట్టాలి. ఓడ ఏ రేవు నుంచి, ఎన్నింటికి కదులుతుందో రాయి. నేనూ నాయనమ్మా వస్తున్నాం. వద్దన్నా వినం. నీ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?

నీ నాన్న