పరదా ఉంటేనే తీస్తానన్నాను
రెబెక్కా,
దేవుని దయవల్ల పుణెలో చిన్నవాడి ఇంటికి చేరాను, మీరెవరూ దిగులు పడకండి.

విమానాశ్రయం తనిఖీలో ఒక అమ్మాయి చేతికి నా రవికలోని దూది మెత్త తగిలింది. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు నేనే కుట్టి పెట్టుకున్నదని నీకు తెలుసు. వరుసంతా చూస్తుండగానే "ఏముందమ్మా లోపల? తియ్యి" అన్నది.

"పరదా ఉంటే చూపెట్టు బిడ్డా, ఆడ తీస్త. ఈడ తియ్య."

"లైన్ ఆగుతది."

"ఆగనియ్యి. నేను గిట్లనే నిలబడ్త."

చివరికి గదిలోకి తీసుకెళ్లింది. చూసి, తల దించుకుని, "మాఫ్ చెయ్యమ్మా" అన్నది. తనిఖీ ఆమె పని, కాదనను. నా ఒళ్లు పదిమందికి చూపడం ఆమె పని కాదు.

తాండూరు కందిపప్పు ఇక్కడ అందరికీ నచ్చింది. డబ్బాలో ఎంత మిగిలిందో తూచి రాయి. మిరపకాయలు ఎండాయా?

పోస్టుమ్యాన్ ఈ కార్డు చదువుతాడని తెలిసే రాశాను. ఇది నా సంగతి, చెప్పడం నా ఇష్టం. నీ సంగతి ఇందులో రాయను, అది నీది. కానీ సిగ్గుపడి వాయిదా వేసింది చాలు. కార్డు అందిన మరునాడే వికారాబాద్ ఆస్పత్రికి వెళ్లు. లేడీ డాక్టరు కావాలని అడుగు, పరదా వేయమను. వేసేదాకా అక్కడినుంచి కదలకు.

ఆ గదిలో నాకు తోడున్న దేవుడు నీకూ తోడుంటాడు.

మీ అత్తమ్మ,
భాగమ్మ