ఫోటో తీసినవారి పేరు

శ్రీవారికి,

నమస్కారం. ఇక్కడ మేం ముగ్గురం కులాసాగానే ఉన్నాం. అత్తయ్య మోకాళ్ళు ఒకరోజు మాట వింటున్నాయి, ఒకరోజు మొండికేస్తున్నాయి. పాప మీరు పంపిన బూట్లు వేసుకునే పడుకుంటానని పేచీ పెడుతోంది. కొత్త ఊళ్ళో, కొత్త ఉద్యోగంలో మీరూ బాగున్నారని తలుస్తాను. ఫోనులో అయితే చివరికి మీ మాటే నెగ్గుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. స్టూడియో తలుపు గడియ బాగు చేయించాను. ప్రింటర్ ఇంకా ఎరుపును గులాబీగానే వేస్తోంది, పెళ్ళివాళ్ళు గొణుక్కుని ఊరుకున్నారు. ఇక ఫోటోల సాఫ్ట్‌వేర్ సంగతి. పాతది కొత్త కంప్యూటర్‌లో మొరాయించాక, మీరు చెప్పినట్టే మూడు తెచ్చి చూశాను. మొదటిది రంగులు దిద్దడంలో దిట్ట, కానీ ఏ ఫోటో ఎక్కడుందో మనమే గుర్తుపెట్టుకోవాలి. రెండోది ముఖాలు పోల్చి తనే సర్దుతుంది. మిమ్మల్నీ మీ తమ్ముడినీ ఒక్కరే అనుకుని ఒకే గూట్లో పెట్టేసింది, అత్తయ్య పగలబడి నవ్వారు. పైగా నెలనెలా అద్దె కట్టాలి, కట్టకపోతే మన ఫోటోలకు మనమే పరాయివాళ్ళం. మూడోదానికి హంగులేమీ లేవు. తేదీ, చోటు, కెమెరా, ఏది అడిగినా చిటికెలో వెతికి చూపిస్తుంది. మనం ఎంత దిద్దినా ఆ దిద్దుబాటు వేరే రాసుకుంటుంది తప్ప అసలు ఫోటోను ముట్టుకోదు. దాన్నే ఉంచాను.

మీ ఉత్తరం చివర్లో ఒక ముక్క రాశారు, వచ్చేటప్పుడు ఉప్పు తెమ్మన్నంత తేలిగ్గా. మీరు ఉద్యోగానికి చూపించిన ఫోటోలను కంపెనీవాళ్ళు ప్రదర్శనకు పెడతారట, అసలు ఫైళ్ళు కావాలన్నారట, వాటిలో తీసినవారి పేరు దగ్గర నా పేరుందట. అన్నిటికీ ఒకేసారి పేరు మార్చే సాఫ్ట్‌వేర్ చూసి తీసుకోమన్నారు. ఉండదా మరి? నా కెమెరా కొన్నరోజు దుకాణం అతను పేరడిగి అందులో పెట్టాడు, తీసిన ప్రతి ఫోటో ఫైల్లోనూ అది దానంతటదే పడుతుంది. మీరూ పక్కనే ఉన్నారు. ఆ మార్చే పని మూడూ చక్కగా చేస్తాయి.

దానికంటే నాకు మంట పుట్టించింది మీరు రాసిన కథ. ఇస్త్రీ ఆవిడ ఫోటో చూసే ఉద్యోగం ఇచ్చారన్నారు. ఆవిరి ఆవిడ ముఖం దాటే క్షణం కోసం గంటసేపు నిలబడ్డానని చెబితే మేనేజరు లేచి చెయ్యి కలిపాడన్నారు. ఎవరికి రాస్తున్నారో మరిచిపోయారా? అక్కడ నిలబడింది నేను. మీరు కారులో కూర్చుని హారన్ కొడుతున్నారు. ఇన్నాళ్ళూ మీరు "మన ఫోటోలు" అంటే మురిసిపోయిన వెర్రిదాన్ని. సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంతవరకూ ఒక సంగతి చెప్పకుండా వచ్చాను. మొన్న ఆ ఫోటోలన్నీ ఎంచి, నా పేరు తీసేసి మీ పేరు కొట్టాను. ఇల్లు గడవాలి, పాప చదువుంది, పేరుదేముందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఇక మార్చెయ్యమని నొక్కడమే మిగిలింది. అప్పుడే అత్తయ్య మాత్ర వేసుకోవడానికి నీళ్ళకోసం వచ్చి, తెరమీద ఇస్త్రీ ఆవిడను చూసి ఆగారు.

"ఇది నువ్వు తీసిందే కదమ్మా. ఆ వేళ వాడి హారన్ గోలకి వెనక సీట్లో నాకు తల పగిలిపోయింది" అన్నారు.

తరవాత పక్కనే మీ పేరు చదివారు. నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు.

మీ పేరు చెరిపేశాను. ఫైళ్ళు మీకు కాదు, నేరుగా మీ కంపెనీకే పంపాను, కెమెరాలోంచి ఎలా వచ్చాయో అలాగే. మీ ఉద్యోగం ఏమవుతుందోనని భయంగానే ఉంది. కోపం మాత్రం అంతకంటే ఎక్కువగా ఉంది. ఈ ఉత్తరం మీకు చేరేసరికి వాళ్ళు వాటిని తెరిచే ఉంటారు. ఆవిరి కోసం గంటసేపు ఎలా నిలబడ్డారో, మేనేజరుగారికి ఇంకోసారి చెప్పండి.

ఇట్లు,
మీ పాప వాళ్ళమ్మ