ఊపిరి లెక్క

మంగళవారం, అంగలకుదురు

ఈరోజు తెనాలిలో డాక్టరు నా బీపీ మాత్ర పెంచారు, మా ఆవిడ సుశీలది తగ్గించారు. రేపల్లె నుంచి వాళ్ళక్క వచ్చి ధ్యానం నేర్పి వెళ్ళాక, రోజూ తెల్లవారుజామున ఇద్దరం డాబా మీద ఒకే చాప మీద కూర్చుంటున్నాం. సుశీలకు తలనొప్పులు పోయాయి, నిద్ర పడుతోంది. నాకు ఏ మార్పూ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగింది.

"కళ్ళు మూసుకుని ఏం చేస్తారండి మీరు?"

"ఊపిరి లెక్కపెడతాను. వదినగారు చెప్పినట్టే."

"పది కాగానే మళ్ళీ ఒకటి నుంచి కదా?"

అలా చేయడం లేదని చెప్పాను. మిల్లులో నేను పద్దు రాసినట్టే, నిన్న ఎక్కడ ఆపానో ఈరోజు అక్కడి నుంచి అందుకుంటాను. లెక్క వేలల్లోకి వచ్చింది.

"ఊపిరికి కూడా నిల్వ చూపిస్తారా?" అని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"పక్కన మీరున్నారనే ఇన్నాళ్ళూ కూర్చున్నాను. మీరు మిల్లులోనే ఉన్నారన్నమాట."

దిగి ఆటోకి డబ్బులిచ్చాను. ఇంటికొచ్చాక అన్నం పెట్టింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నిద్రపోతోంది. ఊపిరి నెమ్మదిగా వినిపిస్తోంది. లెక్కపెట్టకుండా విందామనుకున్నాను. అప్పుడే ఆరో ఏడో లెక్కకొచ్చాయి...