అంచు విరిగిన గ్లాసు

ఆదివారం సాయంత్రం

అక్కకి,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. మీరంతా కులాసా అని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసా అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. ఫోనులో చెబుదామంటే గోడ అవతలే మావయ్యగారి మంచం. ఆయన చెవిన పడకూడని సంగతి. అందుకే వంటింటి తలుపు వేసుకుని రాస్తున్నాను.

మధ్యాహ్నం నువ్వు నేర్పిన స్కోన్లు, అదే టీలోకి తినే ఆ మెత్తటి బిస్కెట్లు, చేశాను. చల్లటి వెన్న ముక్కల్ని మైదాలో వేలి కొసలతో రవ్వలా నలిపాను, బేకింగ్ పౌడర్ కలిపాను, పాలు పోసి ముద్ద చేశాను. నువ్వన్నట్టే ఎక్కువ పిసకలేదు. కోసేటప్పుడు మాత్రం నీ మాట వినలేదు. గాజు గ్లాసు వద్దు, డబ్బా మూతతో కొయ్యి అన్నావు. ఆ మూత అంచు మొద్దుగా ఉంది. పక్కలు నలిగితే సరిగా పొంగవని చెప్పింది కూడా నువ్వే కదా! కొత్త సెట్టులోంచి గ్లాసు తీసి, తిప్పకుండా నిటారుగా నొక్కి కోశాను. ఓవెన్లో పెడితే ఎంత బాగా పొంగాయో.

మావయ్యగారికి టీతో పెట్టి వచ్చి గ్లాసు కడుగుతుంటే వేలికి చురుక్కుమంది. చూస్తే, అంచున బియ్యపు గింజంత ముక్క లేదు.

గుమ్మం దాకా పరిగెత్తాను. అప్పటికే రెండు తినేసి మూడోది తుంచుతున్నారు. ఆపండి అనాలి. అనలేదక్కా. అలా చూస్తూ నిలబడిపోయాను. ఆయన నా మొహం చూసి, తల దించుకుని, మూడోదీ తినేశారు.

మిగిలినవన్నీ పొడి చేసి పిండి జల్లెడలో జల్లించాను. సింకు వెతికాను, బల్లంతా తడిమాను. ఎక్కడా లేదు. అంటే అది ఆయన కడుపులో ఉంది.

వీధి చివర మందుల షాపుకి వెళ్లి, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. గొంతులో గుచ్చుకున్నట్టున్నా, కడుపునొప్పి వచ్చినా క్షణం ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి, ముందు ఆ మనిషికి చెప్పండి అన్నాడు షాపతను. తిరిగొచ్చేసరికి మావయ్యగారు కడుపు మీద చెయ్యి వేసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఎలా ఉందండీ అంటే, బాగానే ఉందమ్మా అని గోడకే చెప్పారు. రోజూ ఈ వేళకి పేపరంతా పైకి చదివి నా బుర్ర తినే మనిషి! నొప్పిగా ఉండి దాస్తున్నారని నా భయం.

మీ మరిది పని మీద వేరే ఊరు వెళ్తూ, నాన్న జాగ్రత్త అని ఒక్క మాటే చెప్పారు. ఆయనకి ఏం మొహం చూపించను? మొన్న మావయ్యగారి చేతిలోంచి సాసరు జారితే, కళ్లెక్కడ పెట్టుకున్నారని రెండు రోజులు సాధించాను. కొత్త గ్లాసుల జోలికి వెళ్లొద్దని కూడా అన్నాను. నా నోటి సంగతి నీకు తెలుసుగా. ఇప్పుడు అదే నోటితో మీకు గాజు తినిపించానని ఎలా చెప్పను? తేలు కుట్టిన దొంగలా ఇక్కడ కూర్చున్నాను.

లాభం లేదు. ఆయనకేమైనా అయితే నేను బతకలేను. లేచి వెళ్లి చెప్పేస్తాను.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. చెప్పేశాను. ఆసుపత్రికి పదండి మావయ్యగారూ అంటూ ఏడ్చేశాను. ఆయన లేచి కూర్చుని, కళ్లజోడు పెట్టె తెరిచి, చిన్న కాగితం పొట్లం నా చేతిలో పెట్టారు. లోపల గాజు ముక్క. గ్లాసు తెచ్చి పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయింది. పొద్దున నీళ్లు పట్టుకుంటుంటే కుళాయికి తగిలి విరిగిందట. జిగురు తెచ్చి అతికిద్దామని ముక్క దాచి, విరిగిన వైపు గోడకి తిప్పి గ్లాసు అలమరలో పెట్టేశారట. ఇంట్లో తేలు ఒకటే, దొంగలం ఇద్దరం!

నవ్వొచ్చింది. మరి నేను అలా నిలబడితే మూడోది కూడా ఎందుకు తిన్నారండీ అని అడిగాను. నీ చూపు చూసి గ్లాసు సంగతి తెలిసిపోయిందనుకున్నానమ్మా, నోట్లో ఏదో ఒకటి ఉంటే అడగవులే అని తిన్నాను అన్నారు.

నా భయం ఒక్క పూటలో తీరింది. ఆయన ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ నా నోటికి భయపడుతూనే ఉన్నట్టున్నారు. ఏం చెయ్యాలో రాయి అక్కా.