లైబ్రరీ బల్లమీద మన సీరియల్

మీకు,

ఈరోజు పటాన్‌చెరులో బస్సెక్కి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళివచ్చాను. వారపత్రికల్లోని సీరియళ్ళను చింపి, జనం ఇళ్ళలో బైండు చేయించుకున్న పుస్తకాలతో అక్కడ ప్రదర్శన పెట్టారు. అక్కడ చదివే పక్కింటి పద్మ అడిగితే మన పుస్తకమూ ఇచ్చాను. ఇచ్చిన దగ్గర నుంచి నాకు అన్నం సహించడం లేదు.

అద్దాల పెట్టెలో పెడతారనుకున్నాను. బల్లమీద పెట్టారు, ఎవరైనా తిరగేయవచ్చట. ఒకమ్మాయి వేలు తడిచేసుకుని మరీ తిప్పుతోంది. ఆ కాగితం ఇప్పుడు గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది.

"జెర మెల్లగ తిప్పు బిడ్డా," అన్నాను.

"నువ్వు ఈడ కాపలా ఉన్నవా అమ్మా?" అని నవ్వింది.

"కాదు. అది మా ఇంటి పుస్తకం."

"గట్లనా? అయితే చెప్పు, ఆఖరికి వీళ్ళ పెండ్లయితదా లేదా?"

"నాకు తెల్వదు," అన్నాను. ఆమె నమ్మలేదు.

ప్రతి వారం మీరు చదువుతుంటే వినడమే నా అలవాటు. కథ సగంలో ఉండగా మీరు పోయారు. తర్వాత వచ్చిన భాగాలను వరుస తప్పకుండా దాచి కుట్టించాను గాని, ఒక్కటీ చదవలేదు.

బస్సు పోతుందని వెంట వచ్చిన పద్మ తొందరపెడుతున్నా నేను కదలలేదు. ఒక్కో కాగితం నేను తిప్పుతుంటే, ఆ అమ్మాయి చివరి భాగం చదివి వినిపించింది.

శనివారం ప్రదర్శన ముగిసి పుస్తకం చేతికొచ్చేదాకా నా ప్రాణం ఆ బల్లమీదే ఉంటుంది. ఈలోగా మీకు ఒకటి చెప్పాలి. పెళ్ళయిందండీ. కాదని మీరే పందెం కాశారు.