నిన్నటి గరిటెడు

మార్చి 2, పొద్దున

పని మానేశాను. ఏప్రన్ విప్పి బావ మొహాన కొట్టాను. మొహానికి తగల్లేదు, బిల్లింగ్ మెషిన్‌కి తగిలింది. అదొక్కటే బాధ.

మార్చి 2, మధ్యాహ్నం

మంచినీళ్ళు తాగొచ్చాను. ఇప్పుడు సరిగ్గా రాస్తాను.

రెస్టారెంట్ మా అక్క మొగుడిది. అందులో వంటగది పదకొండేళ్ళుగా నాది. జనం చికెన్ కోసం వస్తున్నామనుకుంటారు గానీ, వచ్చేది దాని పక్కన చిన్న గిన్నెలో పెట్టే తెల్ల సాస్ కోసం. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు, ఐసు నీళ్ళు. అంతే. గుడ్డు లేదు, పాలు లేవు, అయినా వెన్నలా నిలబడుతుంది. ఇంకొంచెం తెమ్మని అడగనివాణ్ణి నేనింతవరకు చూడలేదు. పొద్దున ఏడింటికల్లా వెళ్ళి ఆ వెల్లుల్లి ఒలిచేది నేను. నా వేళ్ళ వాసన సబ్బుకి లొంగడం మానేసి ఏళ్ళయింది.

ఇవాళ బావ కౌంటర్ మీద ఒక సీసా పెట్టాడు. ఈ సాస్‌ని సీసాల్లో పోసి సూపర్ మార్కెట్‌కి ఇస్తారట. పదహారో తారీఖున మొదలట. మంచిదే అనుకుని లేబుల్ తిప్పి చూశాను. వాళ్ళమ్మ ఫొటో. కింద బంగారు రంగులో 'అమ్మ చేతి సాస్' అని.

ఆ పెద్దావిడకి వెల్లుల్లి వాసన పడదు. వంటగది గుమ్మం దాకా వచ్చి, ముక్కు మూసుకుని, అట్నించి అటే పోయే మనిషి. పదకొండేళ్ళలో ఒక్క రెబ్బ ఒలిచిన పాపాన పోలేదు.

ఇదేంటి బావా అన్నాను. ఫొటోలో అమ్మయితే నిండుగా ఉంటుంది, చూసినవాళ్ళకి నమ్మకం కుదురుతుంది అన్నాడు. మరి నేనెవర్ని అన్నాను. నీకు జీతం ఇస్తున్నాంగా అన్నాడు. అక్క కౌంటర్ వెనకాల నాప్కిన్లు మడతపెడుతోంది. తలెత్తలేదు. నా తోడబుట్టింది, ఒక్క మాట సాయం రాలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అందరూ వింటుండగా చెప్పేశాను. ఆ సాస్ నాది, మా ఇంట్లో నా మిక్సీలో చేస్తాను, మా వీధి చివర బేకరీలో నా పేరు బోర్డు మీద రాయించి అమ్మిస్తాను, మీరు ఆ ఫొటో పెట్టుకుని చూస్తూ కూర్చోండి అని.

ఇవాళ్టి నుంచి ఈ డైరీలో బావకి గారు లేదు.

మార్చి 3

నోటికొచ్చింది అనేశాను గానీ, నిజానికి బేకరీ ఆయనతో నిన్నటి దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇవాళ వెళ్ళి మాట్లాడాను. శాండ్‌విచ్‌ల్లోకి సరిగ్గా అలాంటి దాని కోసమే చూస్తున్నాడట. పదిహేనో తారీఖు పొద్దున శాంపిల్ తెమ్మన్నాడు. బాగుంటే రోజూ తీసుకుంటానన్నాడు, పేరు నేనేది చెబితే అదే రాస్తానన్నాడు.

పదిహేను. సీసాల కంటే ఒక్క రోజు ముందు. ఆ ఒక్క రోజు చాలు నాకు.

మార్చి 4

విరిగింది.

మార్చి 4, సాయంత్రం

మళ్ళీ విరిగింది. బాగానే తిరిగింది, తెల్లబడింది, నేను నవ్వాను కూడా. అంతలో మిక్సీ గొంతు మారింది. సాస్ గట్టిగా ఉంటే గుర్రుమంటుంది, విరిగితే గలగలమంటుంది. పక్కగదిలో ఉన్నా చెప్పగలను నేను. మూత తీస్తే అడుగున పిప్పి, పైన నూనె.

మా ఆయన వేలు ముంచి నాకి, తలకి రాసుకోవడానికైతే బాగుంటుంది అన్నాడు. నా చూపు చూసి, ఆ వేలు తుడుచుకుంటూ బయటికి పోయాడు.

మార్చి 6

ఇప్పటికి ఏడుసార్లు. నిమ్మకాయలు మార్చాను. నూనె మార్చాను. పక్కింటావిడ మిక్సీ అడిగి తెచ్చాను. ఆవిడ మిక్సీ మా మిక్సీ కంటే ముందే విరగ్గొట్టింది.

విరిగినదంతా పారెయ్యలేక బంగాళాదుంపల్లో వేసి వేయిస్తున్నాను. మూడు పూటలా అదే. బళ్ళో తన పక్కన ఎవరూ కూర్చోవడం లేదని మా అమ్మాయి మొహం ముడుచుకుంది. పెద్దమ్మని అడగొచ్చుగా అంది. పెద్దమ్మకేం తెలుసు, నాప్కిన్లు మడతపెట్టడం తెలుసు అని కసిరాను. తప్పే. కానీ ఆ మాట అన్నప్పుడు హాయిగా అనిపించింది, అది కూడా రాస్తున్నాను.

మార్చి 7

రెస్టారెంట్లో గిన్నెలు తోమే ఆవిడ కూరగాయల దగ్గర కనిపించింది. నా చోట్లో కొత్త వంటాయన చేరాడట. రెండో రోజుకే సాస్ చక్కగా కుదిరిందట, రుచిలో కూడా తేడా లేదట. ఇంతా చెప్పి, నా మొహం చూసి, కొంచెం తేడా ఉందిలే అంది.

రెండో రోజుకే! పదకొండేళ్ళ నా చేతికీ, నిన్నగాక మొన్న వచ్చినవాడి చేతికీ తేడా లేదు. ఇంటికొచ్చి జార్ నేలకేసి కొట్టబోయాను. పక్కింటావిడదని గుర్తొచ్చి ఆగాను.

మార్చి 9, ఉదయం 7

చేతులే చెప్పాయి.

పొద్దున్నే పొయ్యి ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డాను, రెస్టారెంట్ వంటగదిలో ఉన్నట్టు. లైట్ వేస్తాను. ఏప్రన్ కట్టుకుంటాను. ఫ్రిజ్ తెరిచి మూత ఉన్న స్టీలు గిన్నె తీస్తాను. అందులో నిన్నటి సాస్ ఒక గరిటెడు ఉంటుంది. దాన్ని మెషిన్‌లో వేసి, ఆ తర్వాతే వెల్లుల్లి వేస్తాను.

నిన్నటి గరిటెడు!

రోజూ సాయంత్రం మొత్తం అమ్మెయ్యకుండా ఒక గరిటెడు ఆ గిన్నెలో దాచాలి. పొద్దున దానితోనే మొదలుపెట్టాలి, పాలలో తోడు వేసినట్టు. అక్కడ అదొక ఆనవాయితీ. కొత్తగా చేరిన ప్రతివాడికీ నేనే చెప్పేదాన్ని, ఆ గిన్నె ఖాళీ చేస్తే చేతులు విరగ్గొడతానని. కానీ ఎందుకు దాచాలో ఏనాడూ ఆలోచించలేదు. ఉన్నది పారెయ్యకూడదని పెట్టిన పిసినారి పద్ధతి అనుకున్నాను. కాదు. కొత్తది నిలబడేది దాన్ని పట్టుకునే. కొత్త వంటాయనకి కుదిరింది కూడా అందుకే.

అంటే ఈ సాస్‌ని నేను మొదట్నించీ చేసింది ఒక్కసారి కూడా లేదు. నేను చేరిన రోజుకే ఆ గిన్నెలో గరిటెడు ఉంది. ఒక గరిటెడు దాచమని నాకు చెప్పింది అక్క.

అక్క.

మార్చి 9, మధ్యాహ్నం

మా ఆయన్ని రెస్టారెంట్‌కి పంపి ఒక పార్సిల్ తెప్పించాను. దారిలో చికెనంతా తినేశాడు, సాస్ సగం నాకేశాడు. మిగిలిన రెండు చెంచాలు మిక్సీలో వేసి మొదలుపెట్టాను.

కుదిరింది. గరిటె నిలబడేంత చిక్కగా కుదిరింది.

ఒళ్ళు మండిపోతోంది. దీన్ని బేకరీకి తీసుకెళ్ళి నాదని ఎలా చెప్పను? మొదలు వాళ్ళ గిన్నెలోది. అప్పుడు బావకీ నాకూ తేడా ఏముంది? మొత్తం సింకులో పారబోశాను. మా ఆయన తల పట్టుకున్నాడు.

మార్చి 10

దులిపేద్దామనే అక్కకి ఫోన్ చేశాను. అసలు కిటుకు ఇన్నేళ్ళు ఎందుకు దాచావు, నన్ను అందరి ముందూ వెర్రిదాన్ని చేశావు అని అరిచాను. అంతా విని, నువ్వెప్పుడైనా అడిగావా అంది.

తర్వాత చెప్పింది. పెళ్ళయిన కొత్తలో, అద్దె ఇంట్లో, చిన్న రోట్లో నూరి చేసిందట. నలభైసార్లు విరిగిందట. కుదిరిన రోజు బావ తిని, అచ్చం మా అమ్మ చెయ్యి పడినట్టే ఉంది అన్నాడట. అక్క నవ్వి ఊరుకుందట. అప్పుడు నవ్వి ఊరుకున్నది ఇప్పుడు లేబులై కూర్చుంది.

ఇంకో మాట కూడా అంది. ఆయన మా అమ్మది అన్నాడు, నువ్వు నాది అన్నావు, ఇద్దరూ నా మొహం మీదే అన్నారు, నాప్కిన్లు మడతపెట్టుకుంటూ అన్నీ విన్నాను అంది. ఫోన్ పెట్టేసింది.

మార్చి 11

ఈ కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఈ సాస్ ఎవరు చేస్తారని ఎవరైనా అడిగితే వంటగదిలోంచి నన్ను పిలిచేవాళ్ళు. నేను చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నేనే అనేదాన్ని. చూసి నేర్చుకుంటామంటే, అది చేతిలో ఉండాలి అనేదాన్ని. పదకొండేళ్ళలో ఎన్నిసార్లు అని ఉంటాను? ప్రతిసారీ అక్క మూడడుగుల దూరంలోనే ఉంది.

పోనీ, తనకి నోరు లేదా? మొదటి రోజే ఒక్క మాట చెబితే ఏం పోయేది? ఇన్నేళ్ళు గుట్టుగా కూర్చుని ఇప్పుడు మొత్తం నా నెత్తిన వేస్తుందా? వెయ్యనీ. వెయ్యాల్సిందే. నేను బావని తిట్టిన ప్రతి తిట్టూ వెనక్కి తిరిగి నాకే సరిపోతోంది, కొలతలు తీసి కుట్టినట్టు.

మార్చి 12

అక్కకి ఇక ఫోన్ చెయ్యకూడదనుకున్నాను. నాలుగుసార్లు చేశాను. ఎత్తలేదు.

మార్చి 14

పొద్దున ఎనిమిదింటికి అక్క వచ్చింది. చంకలో చిన్న రోలు. పలకరింపు లేదు, ఏమీ లేదు. తిన్నగా వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కనున్న నూనె డబ్బాని ముట్టుకుని, నుదురు కొట్టుకుంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది. రెస్టారెంట్లో నూనె డబ్బాలుండేది కోల్డ్ రూం గోడ పక్కన. చల్లటి నూనె పోస్తున్నానని కూడా ఎరక్కుండానే పదకొండేళ్ళు పోశాను.

వెల్లుల్లిని ఉప్పుతో పలుకు లేకుండా నూరమంది. నూరాను. ఇంకా అంది. నూరాను. భుజం ఊడిపోయిందన్నాను. ఇంకా అంది. తర్వాత మిక్సీలో వేసి, దారమంత సన్నగా నూనె, మధ్యమధ్యలో నిమ్మరసం, ఐసు నీళ్ళు. జార్ వేడెక్కితే ఆపి తడిగుడ్డ చుట్టాలి.

విరిగింది. కడిగి మళ్ళీ మొదలుపెట్టమంది. మళ్ళీ విరిగింది. మూడోసారి నూనె పోస్తూ, తప్పయిందక్కా అన్నాను. నూనె సన్నగా పొయ్యి అంది.

ఆరోసారి గుర్రుమంది. గరిటెడు కాదు కదా, చెంచాడు పాతది కూడా లేకుండా. అక్క వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, ఉప్పు తక్కువ అంది. కళ్ళు తుడుచుకుంది. వెల్లుల్లి ఘాటు అంది. వెల్లుల్లికి కళ్ళు మండవు. ఉప్పు డబ్బా అందించాను.

వెళ్ళేటప్పుడు రోలు ఇక్కడే వదిలేసింది.

మార్చి 15

బేకరీ ఆయన బ్రెడ్డుతో గిన్నె తుడిచి తిన్నాడు. రేపట్నుంచే తెమ్మన్నాడు. బోర్డు మీద ఏం పేరు రాయమంటారని అడిగాడు. నా పేరు పెద్ద అక్షరాలతో రాసుకున్న కాగితం బ్యాగులో ఉంది, పన్నెండు రోజుల నుంచీ ఉంది. బయటికి తియ్యలేదు. అక్క పేరు చెప్పాను. ఇంటిపేరు పుట్టింటిది రాయమన్నాను.

మార్చి 16, ఉదయం 9

గిన్నెలు తోమే ఆవిడ ఫోన్. నవ్వు ఆపుకోలేకపోతోంది. నిన్న సాయంత్రం అక్క ఆ స్టీలు గిన్నెని తనే సబ్బు పెట్టి తోమి బోర్లించిందట. పొద్దున్నుంచీ కొత్త వంటాయన చేసింది చేసినట్టు విరుగుతోందట. ఇవాళ పన్నెండింటికి సీసాలు సూపర్ మార్కెట్‌కి చేరాలి. లేబుళ్ళన్నీ అతికించి వరసగా పెట్టారట, లోపల చుక్క లేదట.

ఎందుకు కడిగావని బావ కేకలేశాడట. మీ అమ్మకి ఆ వాసన పడదుగా, అందుకే కడిగాను, కొత్తది ఆవిడే చేస్తుందిలే అందట అక్క. అని చెప్పులేసుకుని బయటికి నడిచిందట.

ఎటు వెళ్ళిందో తెలియదంది. నాకు తెలుసు. మా వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తోంది.

మార్చి 16, ఉదయం 11

గుమ్మంలో బావ. చేతిలో ఆ స్టీలు గిన్నె, తళతళలాడుతోంది. ఒక్క గరిటెడు ఇమ్మంటున్నాడు.

అడగాల్సింది నన్ను కాదన్నాను.

అక్కా అని పిలవబోయాను. లోపల మిక్సీ గుర్రుమంది.